మందు, పీచు, తమలపాకు

పుదుచ్చేరి వెళ్ళొచ్చానని చెప్పగానే అందరూ ముందు సముద్రం గురించి అడుగుతారు. ఆ తర్వాత కాస్త గొంతు తగ్గించి సీసాల గురించి అడుగుతారు. నేను సముద్రం ఎదుట కూర్చున్నది ముప్పావుగంట. సీసాల సంగతంటారా, నేను ఇంటినుంచి తీసుకెళ్ళినవే రెండు, వాటి కథ త్వరలోనే వస్తుంది. అసలు నేను వెళ్ళింది ఒక తుపాకి మోత వినడానికి. విన్నాను కూడా. కాకపోతే వినేలోపు నా పరువు ఊరందరి ముందూ, అదీ మైకులో, పోగొట్టుకున్నాను.

ముందు నా పిచ్చి గురించి చెప్పాలి. నేను కడప జిల్లాలో నీటిపారుదల శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసి రిటైరయ్యాను. మా నాన్నకు పంటకాపలా కోసం ఇచ్చిన లైసెన్సు తుపాకి తర్వాత నా పేరుకు మారింది. గొట్టం మూతిలోంచి మందు పోసి, పైన కొబ్బరి పీచు కూరి, కడ్డీతో దట్టించి పేల్చే పాతకాలపు తుపాకి అది. దాంతో మొదలైన సరదా ఇప్పుడు ఇంట్లో ఒక గది మింగేసింది. మందు దాచుకునే కొమ్ములు, గుళ్ళు పోసే అచ్చులు, తుప్పుపట్టిన మరలు, డబ్బాలకొద్దీ చెకుముకి రాళ్ళు. నాలాంటి పిచ్చివాళ్ళం నలుగురం కలిసి ఏడాదికి రెండుసార్లు మా తోటలో రేకు డబ్బాకు గురిపెట్టి పేలుస్తాం. ఒక్క దెబ్బకు ఐదు నిమిషాల తయారీ. ఇందులో ఏం ఆనందముందో మా ఆవిడ శారదకు ముప్పై ఏళ్ళుగా అర్థం కాలేదు. ఆనందమంతా ఆ ఐదు నిమిషాల్లోనే ఉందని నేను ముప్పై ఏళ్ళుగా చెబుతూనే ఉన్నాను.

పాత తుపాకుల సరదా ఉన్నవాళ్ళందరం ఫోనులో ఒక గుంపుగా ఉన్నాం. ఈ ఎండాకాలం చివర్లో అందులోంచి ఒకామె నాకు మాటల సందేశం పంపింది. అది తెలుగే, కానీ మా తెలుగు కాదు.

"అన్నా, నా పేరు ఎం.జయంతి. పాండి పక్కన మురుంగపాక్కం. కరెంటాఫీసులో పని. మా ఇంట ఒగ పాత తుపాకి ఉండాది. ఆడి మాసంలో అమ్మోరు ఊర్వలం పోయేటప్పుడు మొదటి వేట్టు మాదే. రెండేండ్లుగా పేల్లా అన్నా, నిప్పే రాలా. ఈ తూరి కూడా పేలకపోతే వొచ్చే ఏడు నుంచి కమిటీవాళ్ళు ఆ శబ్దాన్ని స్పీకర్లో పెట్టేస్తారంట. పని లేని తుపాకి మనకెందుకు, స్టేషన్లో అప్పజెప్పేస్తామంటా ఉండాడు నాయన. లైసెన్సు పోయినేడు నా పేరుకు మారింది. నేను ఒగతూరి కూడా పేల్చలా. మీ తావ మంచి చెకుముకి రాయి ఉండాదంటనే?"

ఆడి అంటే తమిళుల ఆషాఢం, ఊర్వలం అంటే ఊరేగింపు, వేట్టు అంటే గుండు లేకుండా ఉత్త మందుతో పేల్చే మోత. ఆ సందేశం మూడుసార్లు విన్నాను. రాళ్ళు పార్సిల్లో పంపొచ్చు, కానీ ఎలా బిగించాలో కాగితం మీద బొమ్మ గీసి రాసి పంపుతానంటే ఆమె నవ్వింది. "తెలుగు మాట్లాడ్డమే అన్నా. చదవను రాదు, రాయను రాదు. ఇస్కూల్లో అంతా తమిళమే." అంతే, నేను సంచీ సర్దాను. బయల్దేరేటప్పుడు శారద గుమ్మంలో నిలబడి, "అక్కడైనా కాస్త తక్కువ మాట్లాడండి" అంది. ఆ మాట గుర్తుపెట్టుకోండి, నేను పెట్టుకోలేదు.

గోంగూర సీసా

శారద ఒకేలాంటి రెండు సీసాలు గుడ్డలో చుట్టి సర్దింది. ఒకదాంట్లో గోంగూర, ఇంకోదాంట్లో పన్నెండు చెకుముకి రాళ్ళు. మొదటిరోజు మధ్యాహ్నం బస్టాండు దగ్గర భోజనశాలలో పెరుగన్నం పెట్టించుకుని, గొప్పగా సీసా తీసి, మూత తిప్పి ఆకులో ఒంపాను. రాళ్ళు టకటకమంటూ పడ్డాయి.

నా ఎదుట కూర్చున్నాయన చెయ్యి నోటిదగ్గరే ఆగిపోయింది. "ఏటండీ బాబూ, మీ వైపు పెరుగన్నంలోకి రాళ్ళు నంజుకుంటారా?" అన్నాడు. ఆయన యానాం నుంచి బదిలీ మీద వచ్చిన గుమాస్తా. నేను కడప అని చెబితే, అయితే తినొచ్చులెండి అన్నట్టు తలూపాడు. మురుంగపాక్కం వెళ్తున్నానంటే ఎంతో సంబరపడ్డాడు. "అక్కడ మన తెలుగోళ్ళు చాలామందున్నారండి. ఆళ్ళ తెలుగు వింటే మొదట్లో నాకు నవ్వొచ్చేదండి. ఇప్పుడు సెలవులకి యానాం ఎళ్తే నా తెలుగు విని మా ఆవిడ నవ్వుతోందండి."

భోజనం బాగుంది. పులుసు మాత్రం మాకంటే పలచన, కారం మాకంటే తక్కువ. సాయంత్రం దాకా టైముందని ఫ్రెంచివాళ్ళ వీధుల్లో తిరిగాను. పసుపు గోడలు, వాటిమీద గులాబీ రంగు కాగితప్పూలు. మా ఊళ్ళో పోలీసు కనిపిస్తే పక్క సందులోకి తప్పుకుంటాం, ఇక్కడ పోలీసు తలమీది ఎర్ర టోపీ చూసి పక్కన నిలబడి ఫోటోలు దిగుతున్నారు. ఒక బేకరీలో మూరెడు పొడవున్న ఫ్రెంచి రొట్టె కొన్నాను. మొదటి కొరుకు కొరికేసరికి అది రొట్టో, మందు దట్టించే కడ్డీయో తేల్చుకోలేకపోయాను. రెండో కొరుక్కి లోపలి మెత్తదనం తగిలింది. ఆ తర్వాత ఇంకో రెండు కొని జయంతి వాళ్ళింటికి పట్టుకెళ్ళాను.

ఫిట్టర్ ఇల్లు

జయంతి నలభై దాటిన మనిషి, సన్నగా, చురుగ్గా ఉంది. వాళ్ళ నాయన జి.మునిరత్నం నూలు మిల్లులో ఫిట్టరుగా చేశాడు. మిల్లు పోయినా వీధంతా ఆయన్ని ఇంకా ఫిట్టర్ మామ అనే పిలుస్తుంది. డెబ్బై ఆరేళ్ళు. కళ్ళకు మసక, చేతులు మాత్రం ఇంకా రెంచీ పట్టుకున్నట్టే ఉంటాయి.

"యాడ దిగినారు? తిన్నారా? కూచో తమ్ముడూ," అని ఆయన ఒకే ఊపిరిలో మీరునుంచి నువ్వులోకి దిగిపోయాడు. నాకు హాయిగా అనిపించింది.

తుపాకిని పాత ధోవతిలోంచి విప్పారు. నా ఎత్తుకు రెండు జానలు తక్కువ. ఆ కట్టె రంగు చూడాలి, ఎన్ని తరాల చేతుల జిడ్డు పీల్చుకుందో. వాళ్ళ తాతల్లో ఒకాయన నెల్లూరు వైపునుంచి వచ్చి ఫ్రెంచి వర్తకుడి గిడ్డంగికి కాపలా ఉన్నాడట. వర్తకుడు ఓడెక్కి పోతూ ఇది ఇచ్చాడట. నేను దాన్ని ఒళ్ళో పెట్టుకుని కాసేపు మాట్లాడలేకపోయాను. నాకది అరుదు.

దీన్ని చూడనివాళ్ళ కోసం చిన్నమాట. గొట్టం పక్కన గుర్రం అనే కొక్కెం ఉంటుంది, దాని కొనకు చెకుముకి రాయి బిగిస్తారు. మీట నొక్కితే గుర్రం దూకి ఉక్కు రెక్కను గీరుతుంది. రవ్వలు రాలి కింద చిన్న గిన్నెలోని చిటికెడు మందు భగ్గుమంటుంది. ఆ చిటికెడునే రంజకం అంటారు. దాని మంట సన్న రంధ్రంలోంచి గొట్టంలోకి దూరి అసలు మందును పేలుస్తుంది. రెండూ ఉండాలి. రంజకం ఒక్కటే ఉంటే తుస్సు.

నా రాయి బిగించి ఖాళీ తుపాకితో నొక్కి చూశాం. రవ్వ లేదు. ఇంకో రాయి పెట్టాం, అయినా లేదు. జయంతి ముఖం వాడిపోయింది. అప్పుడు నేను గొంతు సవరించుకుని, రవ్వలు రాతిలోంచి రావనీ, రాయి గీరినప్పుడు ఉక్కులోంచి రాలతాయనీ, ఈ రెక్క మీది గట్టి పొర అరిగిపోయి లోపలి మెత్తటి ఇనుము బయటపడిందనీ పావుగంట ఉపన్యాసం ఇచ్చాను. మునిరత్నం చివరిదాకా విన్నాడు.

"నువ్వు చెప్పింది కరెక్టే తమ్ముడూ. నాకు రెండేండ్ల ముందే తెలుసు."

"మరి?"

"తెలిస్తే ఏంది? కొలిమిలో రంగు చూడాల గదా. నాకు కండ్లు ల్యా. జయంతికి రంగు తెలీదు. చూసేవాడొకడు వస్తాడని కూచోనుండా."

అంటే రాళ్ళు ఒక నెపం, ఆయనకు కావలసింది నా కళ్ళు. జయంతి కొంచెం సిగ్గుపడింది. నాకు మాత్రం ఎవరో పిలిచి కిరీటం పెట్టినట్టయింది.

మేట్టుపాళయంలో ఎరుపు రకాలు

మర్నాడు జయంతి సెలవు పెట్టింది. ఆమె స్కూటరు మీద ఆమె వెనక ఫిట్టర్, ఆయన వెనక నేను, నా భుజాన ధోవతిలో చుట్టిన తుపాకి. మేట్టుపాళయం పారిశ్రామికవాడలో మిల్లు కాలంనాటి ఆయన స్నేహితుడిది చిన్న షెడ్డు ఉంది, కొలిమి అక్కడే. మేం వెళ్ళేసరికి ఆ స్నేహితుడు తాళంచెవి ఇచ్చేసి డెలివరీకి వెళ్ళిపోయాడు.

మునిరత్నం ఉక్కు రెక్కను ఒక రేకు డబ్బాలో పెట్టి, చుట్టూ ఎముకల బొగ్గుపొడి, తెగిపోయిన తోలుచెప్పు ముక్కలు దట్టించి, మూత చుట్టూ బంకమట్టి మెత్తాడు. అన్నీ తడుముతూనే. కొలిమి అంటించాక పుట్టిన వాసన గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది. జయంతి కొంగు ముక్కుకు చుట్టుకుంది. ఆయన మాత్రం సంతోషంగా పీల్చాడు.

"ఏం రంగు?"

"ఎరుపు."

"ఏ ఎరుపు? కుంకం ఎరుపా, దానిమ్మ గింజా, పండు మిరపకాయా?"

ముప్పై అయిదేళ్ళు ఎర్ర సిరాతో గీతలు గీసినవాణ్ణి, ఎరుపులో ఇన్ని రకాలున్నాయని ఆరోజే తెలిసింది. డబ్బా కుంకుమ నుంచి దానిమ్మ గింజకు రావడానికి గంట పట్టింది. దానిమ్మకూ మిరపకాయకూ మధ్య ఎక్కడో ఉందని నేను నసిగితే, "కోర్టులో సాక్ష్యం మాదిరి చెప్పొద్దు, చూసి చెప్పు" అని కసిరాడు. చివరికి, "అన్నా, మాగిన టమాటా!" అని అరిచాను. "ఆ రంగులోనే ఉంచాల. జారిపోతే చెప్పు." రెండు గంటలు ఆ టమాటాను కంటికి రెప్పలా కాశాను. నా జన్మలో ఏ కూరగాయనూ అంతసేపు చూడలేదు.

పట్టకారుతో డబ్బా తీసి, నీళ్ళ బక్కెట్టు మీద మూత ఊడగొట్టాడు. సుయ్యిమని ఆవిరి లేచింది. బయటికి తీసిన రెక్క బూడిదరంగుమీద నెమలిమెడ నీలం చారలతో మెరుస్తోంది. అక్కడే బిగించి, రాయి పెట్టి, గుర్రం ఎక్కుపెట్టి జయంతి మీట నొక్కింది.

రవ్వలు పువ్వుల్లా రాలాయి. పది, పదిహేను, లెక్కపెట్టలేనన్ని. ఆమె మళ్ళీ నొక్కింది. మళ్ళీ. "నాయనా, కనిపించిందా?" అని అడిగింది. "కనిపించకేం," అన్నాడాయన. ఆ మసక కళ్ళకు కూడా ఆ రవ్వలు కనిపించాయి. ముగ్గురం పిచ్చివాళ్ళలా నవ్వుకున్నాం. దారిలో పరోటాలు తిన్నాం, డబ్బులు నన్ను తియ్యనివ్వలేదు. ఇక్కడ పరోటాను బల్లమీద పెట్టి రెండు చేతులతో చప్పట్లు కొట్టినట్టు కొడతారు. మావాళ్ళు అతిథికి వడ్డించేదానికి ఇంత దెబ్బలాట చెయ్యరు. రుచి మాత్రం ఆ దెబ్బల్లోనే ఉంది.

రాగిపిండి పాఠం

ఆ సాయంత్రం ఇంట్లో జయంతి మందు కూరడం చేసి చూపింది. నెలరోజులుగా నాయన దగ్గర నేర్చుకుంటోంది, అసలు మందు దండగని రాగిపిండితో. ముందు ఒక తమలపాకు మడిచి పెదవుల మధ్య పట్టుకుంది. తర్వాత మందుపెట్టె మూత తీసింది. వెదురు గొట్టంతో కొలిచి పిండి పోసింది, పీచు పెట్టింది, కడ్డీతో దట్టించింది.

"ఎంత కొలత?" అన్నాను. జవాబు లేదు.

"పీచు ఎన్ని చుట్లు?" పలకలేదు. మునిరత్నం కూడా నోరు విప్పలేదు. ఐదు ప్రశ్నలడిగి, అవమానపడి ఊరుకున్నాను. దట్టించడం అయ్యాకే ఆమె ఆకు తీసింది.

"మూత తీసినాక మాట్లాడగూడదు అన్నా. అమ్మోరి మొక్కు. మా తాత కాలంనించీ."

నేను మీసాల్లో నవ్వుకున్నాను. ప్రతి పనికీ ఒక నమ్మకం తగిలించుకుంటారు పాపం అనుకున్నాను. ఆమె కడ్డీమీద కత్తితో గీసిన గాటు చూపించింది. "మందూ పీచూ సరిగ్గా ఉంటే ఈ గాటు గొట్టం మూతికాడ నిలుస్తాది. ఇది చూడకుండా పేల్చగూడదు." కడ్డీ రెండో కొనకు మెలికల ఇనుము ఉంది, దాన్ని తిప్పి లోపలి పీచు బయటికి లాగి, పిండి దులిపేసింది. అంతా చక్కగా, పద్ధతిగా.

పెట్టె మూత లోపలివైపు ఏవో అక్షరాలు చెక్కి ఉన్నాయి. ఏటేటా పూజకు పూసిన గంధం, పసుపు పొరలు పొరలుగా పేరుకుని అక్కడక్కడా ఒక తలకట్టు తప్ప ఏమీ కనబడదు. "తెలుగు అచ్చరాలంట. ఏదో మంత్రం ఉంటాది. మాకు చదవను రాదు గదా," అంది జయంతి. నేను ఆత్రంగా గోరు పెట్టబోతే మునిరత్నం నా చెయ్యి పట్టుకున్నాడు. "ఇప్పుడు తాకొద్దు తమ్ముడూ. వేట్టు అయినాక మర్నాడు కడిగేది ఆచారం. అప్పుడు చదువు." తర్వాత ఆయనే అన్నాడు: "రాయి తెచ్చినావు, రంగు చూసినావు. రేపు మందు నువ్వే కూరు. పేల్చేది జయంతి."

ఆ రాత్రి శారదకు ఫోన్ చేసి చెప్పాను. "మందు కూరేటప్పుడు మాట్లాడకూడదట, మొక్కట" అని నవ్వాను. శారద నవ్వలేదు. "ఆ మొక్కు మనింట్లో కూడా ఉంటే బాగుండు" అంది.

మైకు

శుక్రవారం గుడి ముందు పొద్దున్నే పెద్ద పెద్ద అండాల్లో కూళు కాచారు. అంటే మన రాగి అంబలే. మేం మజ్జిగా ఉల్లిపాయా కలుపుకుంటాం, వీళ్ళు మునగాకు వేపుడూ ఎండుచేపల కూరా నంజుకుంటారు. మూడు గ్లాసులు తాగాను. నాలుగో గ్లాసు పోసినామె నా వయసు చూసి సగమే పోసింది.

సాయంత్రం ఐదింటికి అమ్మవారు బయల్దేరాలి. కమిటీ పెద్ద ఏళుమలై సౌండు సర్వీసు నడుపుతాడు. గుడికి అటూ ఇటూ ఆయన స్పీకర్లే, తాటిచెట్టంత ఎత్తున. మనిషి మంచివాడు. వేట్టు మానిపించాలని ఆయనకేం లేదు, రెండేళ్ళు అమ్మవారు చప్పుడు లేకుండా బయల్దేరడం ఆయనకు నచ్చలేదు, అంతే. ఫోనులో ఫిరంగి మోత సిద్ధంగా పెట్టుకుని, "పేలకపోతే ఇది వేస్తాను, ఊరు చిన్నబుచ్చుకోకూడదు గదా" అని నాకు తమిళంలో చెప్పాడు. సగం మాటలు అర్థమయ్యాయి, మిగతా సగం ఆయన ముఖంలో కనిపించాయి.

సన్నగా తుంపర మొదలైంది. జయంతి గొట్టం మూతికి కొంగు కప్పి నిలబడింది. కొత్త చీర, నుదుట పెద్ద బొట్టు. మునిరత్నానికి కుర్చీ వేశారు. ఆమె నాకు తమలపాకు అందించింది, నేను పెదవుల మధ్య పెట్టుకున్నాను. పెట్టె మూత తీశాను. వెదురు గొట్టం నిండా మందు తోడుకున్నాను.

సరిగ్గా అప్పుడు ఏళుమలై నా ముందుకు మైకు తెచ్చాడు. "ఆంధ్రానుంచి మన ఊరికి తుపాకి ప్రొఫెసర్ వచ్చారు" అని స్పీకర్లలో నా గురించి చెప్పాడు. ప్రొఫెసర్! ఊరంతా చప్పట్లు. తుపాకి గురించి రెండు ముక్కలు చెప్పమని మైకు నా నోటిదగ్గర పెట్టాడు.

ఏం చెప్పమంటారు? నోట్లో ఆకు అడ్డొచ్చింది. నమిలి మింగేశాను.

రెండు ముక్కలు ఇరవై ముక్కలయ్యాయి. నెల్లూరు కాపలాదారు, ఫ్రెంచి వర్తకుడు, ఎముకల బొగ్గు, మాగిన టమాటా. నాకొచ్చిన అరకొర తమిళంలో, రానిచోట తెలుగులో. జనం నవ్వుతున్నారు, నేను ఉబ్బిపోతున్నాను. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. పీచు పెట్టాను, కడ్డీ దించాను, అందరూ చూసేలా ఒంటిచేత్తో మూడు గట్టి పోట్లు పొడిచాను. గాటు వంక చూడనేలేదు. మైకు నోటిదగ్గర ఉంటే గాటు ఎవరిక్కావాలి?

జయంతి గిన్నెలో రంజకం వేసి, తుపాకిని ఆకాశంలోకి ఎత్తింది. అందరూ చెవులు మూసుకున్నారు. ఆమె కళ్ళు మాత్రం మూసుకోలేదు.

రవ్వలు రాలాయి. రంజకం భగ్గుమంది. తుస్సుమని చిన్న పొగ. అంతే.

గాటు

చెవులమీది చేతులు ఒక్కొక్కటిగా దిగాయి. ఎవరో పిల్లలు కిసుక్కుమన్నారు. మునిరత్నం కుర్చీలో ముందుకు వంగి, ఏమీ వినబడనివాడిలా తల అటూ ఇటూ తిప్పాడు. ఏళుమలై బాధగా ఫోను బయటికి తీశాడు.

జయంతి కదల్లేదు. నాయన నేర్పినట్టే, లోపల ఆలస్యంగా అంటుకుంటుందేమోనని గొట్టం పైకే ఉంచి నిమిషంపైన ఆగింది. గిన్నె తుడిచింది. కడ్డీ తీసి నెమ్మదిగా గొట్టంలోకి దించింది. గాటు మూతి దగ్గర ఆగలేదు. ఇంకో రెండు వేళ్ళు లోపలికి పోయింది.

ఆమె నావైపు తిరిగి, ఎవరికీ వినబడకుండా అడిగింది.

"అన్నా, మందు పోసినారా?"

నా చేతిలో వెదురు గొట్టం ఇంకా ఉంది. దాని నిండా మందు కూడా ఉంది.

ముప్పై ఏళ్ళుగా ఈ పని చేస్తున్నవాణ్ణి. పీచు కూరి మందు మరిచినవాళ్ళను ఎందరినో ఎగతాళి చేసినవాణ్ణి. ఏళుమలై జాలిగా నా భుజంమీద చెయ్యి వేసి, "వానవల్లా సార్?" అని అడిగాడు. తుంపర కూడా నాకోసమే పడుతున్నట్టుంది. అవునంటే సరిపోయేది. కానీ వాన అంటే తుపాకి ఓడిపోయినట్టే, ఆమె ఓడిపోయినట్టే. ఆయన దగ్గరనుంచి మైకు తీసుకున్నాను.

"వాన కాదు. రాయి కాదు, తుపాకి కాదు. నేను మందు పొయ్యడం మరిచిపోయాను. మాటల్లో పడి."

ఊరు ఊరంతా నవ్వింది. అలాంటి నవ్వు నేనెప్పుడూ వినలేదు. మునిరత్నం అయితే కుర్చీ చేతులు చరుస్తూ నవ్వాడు. "ప్రొఫెసరూ!" అని ఎవరో అరిచారు. ఏళుమలై ఫోను జేబులో పెట్టేసి, మైకు నాకు దొరకనంత దూరం తీసుకెళ్ళాడు.

జయంతి మెలికల ఇనుముతో పీచు లాగేసింది. పూజ పళ్ళెంలోంచి ఇంకో తమలపాకు తీసి మడిచి పెదవుల మధ్య పెట్టుకుంది. ఊరంతా కూడా నోరు మూసుకుంది. మందు పోసింది. పీచు పెట్టింది. దట్టించింది. గాటు మూతి దగ్గర నిలిచింది. ఆమె నావైపు చూసి కళ్ళతో చూపించింది. నేను తలూపాను, నోరు తెరవలేదు.

ఆ మోత గురించి ఏం రాయను? నేల అదిరింది. కాకులన్నీ ఒక్కసారి లేచాయి. స్పీకర్లలో ఏదో గుయ్యిమంది. తెల్లటి పొగ గుడి ముందంతా దుప్పటిలా పరుచుకుంది, దాంట్లోంచి జయంతి నవ్వుకుంటూ, ఏడ్చుకుంటూ బయటికొచ్చింది. డప్పులు మొదలయ్యాయి, అమ్మవారు కదిలింది. మునిరత్నం కళ్ళు మూసుకుని గట్టిగా గాలి పీల్చి, "వాసన వొచ్చినాది," అన్నాడు. "మా నాయన చొక్కా వాసన." ఏళుమలై నా దగ్గరికొచ్చి ఫోనులో ఫిరంగి మోతను నా కళ్ళముందే చెరిపేశాడు.

మూత వెనక

శనివారం పొద్దున నేను బయల్దేరేలోపు మందుపెట్టె కడిగారు. పెట్టె ఖాళీ చేసి, కుళాయి కింద మూత పెట్టి జయంతి చింతపండుతో రుద్దింది. పొర తర్వాత పొర పసుపు నీళ్ళయి కారింది. ఒక్కొక్క అక్షరమే తేలింది. గుండ్రంగా, ఉలితో జాగ్రత్తగా చెక్కిన పాత తెలుగు.

"చదవండి అన్నా. ఏం మంత్రం?"

మనసులో చదువుకున్నాను. చెవులు వేడెక్కాయి. ఆ ఇంట్లో, ఆ వీధిలో అది చదవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. అమ్మవారి పేరేదో రాసుందని చెబితే చెల్లిపోయేది. ఆ ఆలోచన వచ్చిందని కూడా దాచను. కానీ నిన్న మైకులో ఒప్పుకున్నవాడు ఇవాళ కుళాయి దగ్గర బొంకితే ఏం బాగుంటుంది?

పైకే చదివాను: "మందు పోసేవాడు మాటలాడరాదు. మాటల బడితే మందు మరుచును."

జయంతి రెండు క్షణాలు నావంక చూసింది. తర్వాత మూత ఒళ్ళో పెట్టుకుని తడి నేలమీదే కూలబడి నవ్వింది. మునిరత్నం అయితే చాలాసేపు ఆలోచించాడు.

"అట్లయితే మొక్కు కాదా?"

"కాదన్నా. జాగ్రత్త."

"ఇంత లోతుగా చెక్కినాడంటే మా తాతకు తాతకూ అయ్యుంటాది తమ్ముడూ. నీ మాదిరే." ఆ మాటతో నా సిగ్గంతా పోయింది. నెల్లూరునుంచి వచ్చిన ఆ వాగుడుకాయ ఎవరో నాకు దగ్గరి చుట్టమనిపించింది. ఇక ఆకు అక్కర్లేదేమో అంటే మునిరత్నం ఒప్పుకోలేదు. "ఆకు ఉండాల. ఆకు లేకుంటే నోరు యాడ నిలుస్తాది?"

జయంతి తడివేలితో మొదటి అక్షరం మీద గీస్తూ, "ఇది మ నా?" అని అడిగింది. అవునన్నాను. ఒక కరెంటు బిల్లు తెచ్చి వెనక్కి తిప్పి, "అంతా రాసి ఇయ్యండి. ఒగ్గొగటీ పక్కన తమిళంలో ఏందో చెప్పండి, నేను రాసుకుంటా" అంది. నా బస్సు టైము దాటిపోయింది. తర్వాతి బస్సులో వచ్చాను.

ఇంటికొచ్చి శారదకు అంతా చెప్పాను. ఆమె విని, లోపలికి వెళ్ళి, పెరట్లోంచి తమలపాకులు కోసుకొచ్చి నా మందుకొమ్ముల గదిలో పెట్టింది.

మొన్న ఆదివారం మేం నలుగురం తోటలో కలిశాం. నేను ఆకు పెదవుల మధ్య పెట్టుకుంటే మిగతా ముగ్గురూ పడీపడీ నవ్వారు. పలకలేదు. మందు పోసి, పీచు కూరి, దట్టించి, నేను కొత్తగా గీసుకున్న గాటు చూస్తున్నాను. జేబులో ఫోను మోగింది. జయంతి నుంచి. ఎప్పట్లా మాటల సందేశం కాదు, ఫోటో. కరెంటు బిల్లు వెనక, పెన్సిలుతో, ఒకటి పెద్దదిగా ఒకటి చిన్నదిగా, వరస తప్పిన అక్షరాలు. మూత మీద లేని అక్షరాలు కూడా ఎక్కడో అడిగి నేర్చుకున్నట్టుంది.

"అన్నా మందు పోసినారా"

కళ్ళు తడిసి, గాటు మసకగా కనిపించింది. తుడుచుకుని ఇంకోసారి చూశాను, మూతి దగ్గరే ఉంది. నోట్లో ఆకు ఉంది కాబట్టి మాట్లాడలేదు. తుపాకి పక్కన ఆనించి, ఆమె చదువుకోవడానికి వీలుగా ఒక్కో అక్షరం ఎడంగా టైపు చేశాను.

"పో సి నా ను."